ఒడిబియ్యం దాచిన రాకుమారుడు

అనగా అనగా, మీ తాతలకు వాళ్ళ తాతలు కథలు చెప్పిన రోజులకు కూడా చాలా ముందు, సారసపురాన్ని ఏలే రాజు ఒకాయన ఉండేవాడు. పేరు రత్నాంగదుడు. ఆయన రాణి ఇందుమతీదేవి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అరిందముడు, కత్తి దూశాడంటే ఎదురు లేదు. రెండోవాడు సుధన్వుడు, నోరు విప్పాడంటే తిరుగు లేదు. మూడోవాడు కుముదుడు. వాడికి కత్తీ రాదు, మాటా రాదు. అమ్మ కొంగు పట్టుకు తిరగడం మాత్రం బాగా వచ్చు. మీసం మొలిచినా అదే వరస.

ముగ్గురూ మగపిల్లలే. ఇంట్లో ఆడపిల్ల లేదని రాణిగారికి పెద్ద బెంగ. అయితే ఆ బెంగ ఏడాదికి నాలుగు నెలలు తీరేది. ఎలాగంటారా? చెప్తాను, తొందరపడకండి.

సారసపురం పక్కన ఒక సరస్సు ఉంది. అవతలి ఒడ్డు కనబడదు, అంత పెద్దది. ఏటా కార్తీకం రాగానే ఉత్తరం నుంచి బాతులు వచ్చి అందులో దిగేవి. ఒకటా రెండా, వేలకు వేలు. బూడిద రంగు ఒళ్ళు, తెల్లటి తల, తల వెనక రెండు నల్లటి గీతలు. మంచుకొండల పైనుంచి ఎగిరి వచ్చేవి. ఊరివాళ్ళు వాటిని పక్షులు అనేవాళ్ళు కారు. "ఆడపడుచులు వచ్చారు" అనేవాళ్ళు. వచ్చిన రోజు ఊరంతా గుమ్మాలకు పసుపు రాసేవాళ్ళు. ఆ నాలుగు నెలలూ సరస్సు దగ్గర డప్పు మోగేది కాదు, వల పడేది కాదు. కోసిన చేలల్లో రాలిన గింజను ఎవరూ ఏరేవాళ్ళు కారు. అది ఆడపడుచుల వాటా.

ఫాల్గుణంలో గాలి తిరిగేది. బాతులు ఉత్తరానికి మెడలు చాచి కూయడం మొదలుపెట్టేవి. పుట్టింటికి వచ్చిన పిల్లను ఉత్తి చేతులతో పంపుతామా? ఆ ఏటి తొలి పన, అంటే మొదట కోసిన వరి కట్ట, నూర్చి, ఆ గింజ దంచి, ఆ బియ్యానికి పసుపు కలిపి, రాణిగారు తన చేతులతో బుట్ట ఎత్తుకుని ఒడ్డుకు వెళ్ళి చల్లేది. అదే వాటికి ఒడిబియ్యం. బాతులు ఆ గింజలు తిని, పైకి లేచి, ఊరి చుట్టూ మూడుసార్లు తిరిగి వెళ్ళిపోయేవి. ఇక రాణిగారి ఏడుపు చూడాలి! నెల రోజులపాటు ఆవిడకు అన్నం సయించేది కాదు. ఉత్తరం కిటికీ దగ్గర కూర్చునేది. ఎవరు పలకరించినా, "వాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళి ఉంటారంటావు?" అనేది.

ఇది చూసి చూసి కుముదుడి మనసు కలుక్కుమనేది. ఒక ఏడు వాడికి ఒక ఆలోచన వచ్చింది. ఏమని? ఒడిబియ్యం పెట్టకుండా ఏ ఆడపిల్లా పుట్టింటి గడప దాటదు కదా! మరి ఆ బియ్యమే కనబడకపోతే?

అంతే, పసుపు బియ్యం బుట్ట తీసుకెళ్ళి ఏనుగుల సాలలో గడ్డివాము కింద దాచేశాడు. తొలి పన బియ్యమే పెట్టాలి, వేరేది పనికిరాదు, అది ఆచారం. ఊరంతా వెతికారు. "ఎలుకలు ఈడ్చుకుపోయి ఉంటాయి" అన్నారు. రాణిగారు పైకి కంగారుపడింది గానీ, లోపల ఆవిడకూ సంతోషమే. ఇంకో నాలుగు రోజులు ఉంటారులే అనుకుంది.

బాతులు ఎదురుచూశాయి. నాలుగు రోజులు నలభై అయ్యాయి. చైత్రం పోయింది, వైశాఖం వచ్చింది. ఎండలు మండిపోయాయి. సరస్సు ఇంకి బురద అయింది, బురద బీటలు వారింది. మంచులో పుట్టిన పక్షులు, వాటికి మన ఎండ ఆగుతుందా? రెక్కలు వేలాడేసి, నోళ్ళు తెరిచి రొప్పేవి. రాణిగారు కడవలతో నీళ్ళు మోయించింది. ఎన్ని కడవలు పోస్తే సరస్సు నిండుతుంది? చివరికి ఒక మధ్యాహ్నం వడగాలి లేచింది. ఆకలితో, ఒడిబియ్యం లేకుండా, ఎదురుగాలిలో, బాతులన్నీ లేచిపోయాయి. భయపడిపోయి కుముదుడు బుట్ట ఎత్తుకుని పరిగెత్తుకొచ్చేసరికి సరస్సు ఖాళీ.

వాడు ఎవరికీ చెప్పలేదు. బుట్టను మళ్ళీ గడ్డివాము కిందే పెట్టేశాడు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. గుమ్మాలకు పసుపు రాశారు. బాతులు రాలేదు. మార్గశిరం వచ్చింది. రాలేదు. రాణిగారు మంచం పట్టింది. మంచాన్ని మేడ మీదికి ఎక్కించుకుని ఉత్తరం వైపు చూస్తూ పడుకుంది. రాజవైద్యుడు నాడి పట్టుకుని చూసి, "ఇది రోగం కాదు ప్రభూ, దిగులు. దీనికి నా దగ్గర మందు లేదు. వచ్చే కార్తీకానికి కూడా ఆ బాతులు రాకపోతే అమ్మగారు మనకు దక్కరు" అన్నాడు.

రాజు కొడుకులను పిలిచి, "మీలో ఎవరు ఆ పక్షులను తీసుకొస్తే వాడికే ఈ రాజ్యం" అన్నాడు.

అరిందముడు సైన్యంతో వెళ్ళాడు. రెండు నెలలకే తిరిగొచ్చాడు. "మూడు వారాలు నడిస్తే ఇసుక తప్ప ఏమీ లేదు నాన్నగారూ. ఇసుకతో యుద్ధం ఎలా చేస్తాం?" అన్నాడు. సుధన్వుడు కానుకల మూటలతో వెళ్ళాడు. నాలుగు నెలలకు తిరిగొచ్చాడు, ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. "ఇసుక దాటాను, మంచు వచ్చింది. మాట నోట్లోనే గడ్డ కట్టింది. మాట లేకపోతే నేనేం చేస్తాను?" అన్నాడు.

కుముదుడు గడ్డివాము కింది బుట్టను గుడ్డ కప్పి భుజానికి కట్టుకుని, అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు. "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. అసలు సంగతి చెబుదామనే అనుకున్నాడు. ఆవిడ కళ్ళు చూసి, బుట్ట సర్దుకుని బయటికొచ్చేశాడు.

*

నడిచాడు, నడిచాడు, ఇసుక దేశం చేరాడు. చెట్టు లేదు, చేమ లేదు. మూడో రోజుకు వాడి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. అప్పుడు ఒక ముసలి ఒంటె ఎదురైంది.

"ఎవరు నాయనా? బుట్ట మోసుకుని ఇసుకలోకి వచ్చావు, పేరంటానికా?" అంది.

కుముదుడు బియ్యం దాచిన సంగతి ఒక్కటి మింగి, తక్కిన కథ చెప్పాడు. ఒంటె నిట్టూర్చింది. "నీ బాతులను చూశాను. కాలం కాని కాలంలో, వడగాలికి దారి తప్పి, తలోవైపుకీ ఎగిరాయి. పైన ఒక మబ్బు కనబడింది. అది మబ్బు కాదు, వల. కుహకుడని ఒక మాంత్రికుడున్నాడు, ఏడు సముద్రాల అవతల దీవిలో ఉంటాడు. గుంపు విడిపోయిన ప్రాణిని పట్టుకుంటాడు వాడు. నా పిల్లను కూడా అలాగే తీసుకుపోయాడు."

ఒంటె వాడిని వీపు మీద ఎక్కించుకుంది. తెల్లవారుజామున ఒక ముళ్ళపొద దగ్గర ఆగి, ఆకుల మీది మంచు నాకమంది. కుముదుడు నాకాడు. ప్రాణం లేచొచ్చింది. "దీనికంటే ఒక చెరువు ఉంటే బాగుండేది కదా అత్తా" అన్నాడు.

"ఎప్పుడూ కళ్ళ ముందే నీళ్ళుంటే తాగాలని ఎలా అనిపిస్తుంది? పాపం, మీ ఊళ్ళో ఎలా బతుకుతున్నారో!" అని జాలిపడింది ఒంటె. "మేం నీళ్ళెక్కడ పెడితే అక్కడ తాగం నాయనా. తల్లి తాగడం నేర్పిన చోటే తాగుతాం. నా పిల్ల అక్కడ ఏం తాగుతోందో ఏమిటో."

ఇసుక చివర ఒంటె ఆగిపోయింది. కుముదుడు మళ్ళీ నడిచాడు, నడిచాడు, మంచు దేశం చేరాడు. నేల తెలుపు, ఆకాశం తెలుపు. వేళ్ళు కొంకర్లు పోయి పడిపోయాడు. ఒక పెద్ద తెల్ల ఎలుగుబంటి వచ్చి వాసన చూసింది. తిందామనే వచ్చింది, దాచడం ఎందుకు! కానీ పడిపోయినవాడు కళ్ళు మూసుకునే "అమ్మా" అన్నాడు. దాంతో ఎలుగు చతికిలపడి, వాడిని పొట్టకు ఆనించుకుంది.

"మీ ఊళ్ళో మంచు లేదా?" అని అడిగింది, వాడు తేరుకున్నాక.

"లేదు."

"అసలు లేదా? కొంచెం కూడా?" ఎలుగు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మరి పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు?"

దాని కూనను కూడా కుహకుడే తీసుకుపోయాడు. "వాడు ముందర చేపలు కుప్ప పోస్తాడట. నా కూన ముట్టదు. మా పిల్లలు పెడితే తినవు. మేం తింటుంటే చూసి, తర్వాత తింటాయి. ఎదురుగా కూర్చుని తిను తిను అంటే గొంతు దిగుతుందా ఎవరికైనా?" అంది. వాడిని మోసుకుంటూ మంచు అంచుదాకా తెచ్చింది. అక్కడ సముద్రం.

సముద్రంలో ఒక తల్లి తిమింగలం ఉంది. ఒక్కసారి కూసి, చాలాసేపు ఊరుకుంది. మళ్ళీ ఒక్కసారి కూసి, ఊరుకుంది. కుముదుడు ఆగలేక, "ఆగి ఆగి పిలుస్తావెందుకు? గట్టిగా వరసగా పిలవచ్చు కదా" అన్నాడు.

"నేనే అరుస్తూ ఉంటే, నా బిడ్డ బదులు పలికితే ఎలా వినబడుతుంది?" అంది తిమింగలం. "ఏడు సముద్రాల దూరం నుంచి రావాలి కదా ఆ మాట. పిలిచాక ఊరుకోవాలి బాబూ. అదే కష్టం."

తిమింగలం వాడిని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. ఒక్కో సముద్రంలో ఒక్కోసారి పిలిచింది. ఏడోసారి, చాలా దూరం నుంచి, సన్నగా బదులొచ్చింది.

*

ఆ దీవి చూస్తే గళ్ళ దుప్పటి పరిచినట్టుంది. ఒక గడి ఇసుక, ఒక గడి మంచు, ఒక గడి పచ్చిక, ఒక గడి ఉప్పునీళ్ళు, ఒక గడి రెల్లు మడుగు. లోకంలో ఎక్కడెక్కడి నేలలో ముక్కలు కోసుకొచ్చి అతికించాడు కుహకుడు. ప్రతి గడిలోనూ ఆ నేల జంతువులే. చారల గుర్రాలు, పొడుగు మెడల జిరాఫీలు, సంచిలో పిల్లను మోసే కంగారూలు. ప్రతి గడికీ కంచె. మేతకు లోటు లేదు, నీటికి లోటు లేదు, వేటగాడి భయం లేదు. అయినా ఏ ఒక్కటీ మేత వైపు చూడటం లేదు. ఒంటె పిల్ల ఒక దిక్కుకు, ఎలుగు కూన ఇంకో దిక్కుకు, కంగారూ మరో దిక్కుకు, అన్నీ కంచెలకు ముఖాలు ఆనించి, తమ తమ ఇళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాయి. కుముదుడికి మేడ మీద పడుకున్న అమ్మ గుర్తొచ్చింది.

రెల్లు మడుగులో గీతల బాతులున్నాయి. వాటి మధ్య మోకాటి లోతు నీళ్ళలో ఒక అమ్మాయి, బురద చేతులతో నాచు తీసి వాటికి పెడుతోంది.

"అవి మా ఆడపడుచులు!" అని అరిచాడు కుముదుడు.

ఆ అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మీవేమిటి? మావి. నేను ఉత్తరాన తుంగదేశపు రాజు కూతుర్ని, శైవలినిని. ఇవి మా ఇంటి పిల్లలు. ఏటా చలికాలం అత్తారింటికని దక్షిణానికి పంపించి, మా అమ్మ కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంది. కిందటేడు తిరిగి రాలేదు. వెతుక్కుంటూ వచ్చి నేనూ ఇక్కడ చిక్కుకున్నాను. ఆ అత్తారెవరో గానీ, వాళ్ళకు మనసనేది ఉందా?"

"అత్తారా! మాది పుట్టిల్లు!"

"గుడ్డు పెట్టేది మా రెల్లులో. పిల్ల కళ్ళు తెరిచేది మా గట్టు మీద. పుట్టిల్లు మీదెలా అవుతుంది?"

"అలిసిపోయి వస్తే నాలుగు నెలలు కూర్చోబెట్టి తిండి పెట్టేది మేం. పుట్టిల్లంటే అదే!"

ఇద్దరూ అలా అరుచుకుంటుంటే ఒక ముసలి బాతు విసుగ్గా మెడ ఎత్తింది. "ఊరుకోండి ఇద్దరూ. ఉత్తరాన ఉన్నప్పుడు దక్షిణం పుట్టిల్లు, దక్షిణాన ఉన్నప్పుడు ఉత్తరం పుట్టిల్లు. మాకు రెక్కలున్నది అందుకే."

కుముదుడు నీళ్ళలోకి దిగి, ఆ బాతు ముందు తల వంచాడు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పాడు. "ఆ ఏడు బియ్యం దాచింది నేనే. అమ్మ ఏడవకూడదని దాచాను."

మడుగులో బాతులన్నీ మెడలు తిప్పి వాడినే చూశాయి. "దారిలో నూట పదకొండు మంది పడిపోయారు. అందులో నా పిల్లలు ఇద్దరు" అంది ముసలి బాతు. "క్షమించమంటావేమో, దానికి ఇప్పుడు తీరిక లేదు. ముందు మమ్మల్ని ఇక్కణ్ణుంచి కదిలించు."

అంతలో కుహకుడు వచ్చాడు. భయంకరంగా ఉంటాడనుకుంటున్నారా? పుల్లలా ఉన్నాడు. కళ్ళు చింతనిప్పులు, అదీ కోపంతో కాదు, నిద్ర లేక. వాడికి చావంటే భయం. అందుకని ప్రాణం తీసి ఒక చిలకలో దాచాడు. చిలకను పంజరంలో దాచాడు. పంజరాన్ని దీవిలో దాచాడు. వానల అడవి నుంచి, రెక్కలు రాకముందే తెచ్చిన చిలక అది. తెచ్చిన నాటి నుంచి దానికి దిగులు. అది చిక్కిపోతుంటే వీడూ చిక్కిపోతున్నాడు. దాన్ని సంతోషపెడదామని మంచు తెచ్చాడు, ఇసుక తెచ్చాడు, లోకంలో ఉన్న జంతువులన్నిటినీ తెచ్చాడు. దాని అడవి మాత్రం తేలేదు, ఎగిరిపోతుందేమోనని. ఇప్పుడు మూడు వారాలుగా చిలక ముక్కు కూడా కదపడం లేదు.

"నీ బాతులు కావాలా?" అన్నాడు కుహకుడు. "మూడు పనులు చెయ్యి. నా చిలక చేత నీళ్ళు తాగించు, తిండి తినిపించు, మాట్లాడించు. మూడూ చేస్తే ఇస్తాను. చేయలేకపోతే నువ్వూ ఒక కంచెలో ఉంటావు."

మొదటి రోజు. పంజరంలో బంగారు గిన్నె, గిన్నెలో పన్నీరు. చిలక అటు చూడలేదు. కుముదుడికి ఒంటె మాట గుర్తొచ్చింది. వానల అడవిలో చిలక తల్లి ఎక్కడ తాగి ఉంటుంది? శైవలిని వెళ్ళి ఒక పుచ్చిపోయిన కొమ్మ తెచ్చింది. అందులో తొర్ర, తొర్రలో నిన్నటి వాన నీళ్ళు, రెండు కుళ్ళిన ఆకులు. పంజరంలో పెట్టారు. చిలక తల తిప్పింది. వాసన చూసింది. గొంతు తడుపుకుంది. కుహకుడి చెంపలకు కాస్త రంగు వచ్చింది.

రెండో రోజు. పంజరం నిండా మామిడిపళ్ళు, దానిమ్మలు. కుహకుడు ఎదురుగా కూర్చుని "తిను బంగారం, తిను తల్లీ" అంటున్నాడు. ఎలుగు మాట గుర్తొచ్చి కుముదుడు వాడిని అవతలికి పంపేశాడు. పంజరానికి వీపు తిప్పి కూర్చుని, బుట్టలోంచి పిడికెడు పసుపు బియ్యం తీసి తానే నమలసాగాడు. శైవలిని కూడా ఒక పిడికెడు తీసుకుంది. ఇద్దరూ ఊరి కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు. కాసేపటికి చువ్వల మధ్య నుంచి ఒక ఎర్ర ముక్కు బయటికొచ్చింది. కుముదుడు అటు చూడకుండానే అరచెయ్యి చాచాడు. చిలక ఒక్కో గింజే ఏరుకుని తింది.

మూడో రోజు. కుముదుడు పంజరం ముందు కూర్చుని, "మీదే ఊరు?" అని ఒక్కసారి అడిగాడు. అడిగి ఊరుకున్నాడు. తిమింగలం చెప్పినట్టు, అదే కష్టం. పొద్దు నెత్తి మీదికొచ్చింది. కుహకుడు ఆగలేక ఏదో అనబోతే శైవలిని వాడి నోరు మూసింది. పొద్దు వాలుతుండగా చిలక కదిలింది.

"ఊరు పేరు నాకు తెలీదు" అంది. "ఎప్పుడూ వాన పడుతుండేది. అమ్మ రెక్క కింద ఆ చప్పుడు వినేదాన్ని. అంతే గుర్తుంది." తర్వాత, "నిన్న నువ్వు పెట్టిన ఆ పచ్చటి గింజలేమిటి?" అని అడిగింది.

"ఒడిబియ్యం. ఇల్లు విడిచి వెళ్ళే ఆడపిల్లకు పెడతాం."

"అయితే నన్ను పంపుతున్నావన్నమాట" అంది చిలక.

ఆ మాటకు కుముదుడి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పెట్టకుండా ఆపడమేమో వాడికి తెలుసు. పెట్టి పంపడం ఇంకా తెలీదు.

కుహకుడు మాత్రం చంకలు గుద్దుకున్నాడు. "మాట్లాడింది! నా చిలక మాట్లాడింది! ఇక నిన్ను వదులుతానా? నువ్విక్కడే ఉండి రోజూ దానికి పెట్టు, దాంతో మాట్లాడు. బాతులూ ఉంటాయి, ఈ పిల్లా ఉంటుంది. నీకేం తక్కువ చేస్తాను చెప్పు?"

మాట తప్పాడు, చూశారా! నీకేం తక్కువ అన్న మాట విని కుముదుడు తెల్లబోయాడు. ఎండిపోయిన సరస్సులో బాతులకు అమ్మ కడవలతో నీళ్ళు పోయిస్తున్నప్పుడు తను మనసులో అనుకున్న మాట అదే. 

ఆ రాత్రి ఎన్నో ఏళ్ళకు కుహకుడికి నిద్ర పట్టింది. తెల్లారి పొద్దెక్కినా లేవలేదు. కుముదుడు పంజరం తలుపు తీశాడు. ఆ తలుపుకు తాళం కూడా లేదు. ఇన్నాళ్ళూ దానికి కాపలా వాడి కళ్ళే. చిలక బయటికొచ్చి పంజరం మీద కూర్చుని రెక్కలు విప్పి చూసుకుంది.

ఆ చప్పుడుకు కుహకుడు లేచి గుండె బాదుకున్నాడు. మంత్రం వేద్దామంటే దానికి తగులుతుందని భయం. "వదలకురా! అది వెళ్ళిపోతే నేను చచ్చిపోతాను. నా ప్రాణం అది!"

"చావవు" అన్నాడు కుముదుడు. మాట రాదనిపించుకున్నవాడు, ఆ రోజు వాడికి మాట వచ్చింది. "మా అమ్మ ప్రాణం ఏటా ఫాల్గుణంలో ఎగిరిపోతుంది. ఎనిమిది నెలలు ఆవిడ కిటికీలో కూర్చుని చూస్తుంది. కార్తీకంలో మళ్ళీ వస్తుంది. పంపినన్నాళ్ళూ ఆవిడ బతికే ఉంది. నేను ఆపిన ఏడే మంచం పట్టింది. నువ్వూ కూర్చుని ఎదురుచూడు. మేమంతా అలాగే బతుకుతున్నాం."

చిలక ఎగిరింది. మొదట తూలింది, తర్వాత నిలదొక్కుకుంది, తర్వాత సముద్రం మీద పచ్చటి చుక్క అయింది, తర్వాత అదీ లేదు. దాంతోపాటు మాంత్రికుడి విద్యంతా పోయింది. కంచెలన్నీ కూలిపోయాయి. కుహకుడు చచ్చిపోలేదు. ఒడ్డున చతికిలపడి చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఏడాదికోసారి చిలక వచ్చి కనబడి పోతుందట. ఆ ఒక్కరోజు వాడు అన్నం కడుపునిండా తింటాడట.

*

తిమింగలానికి బిడ్డ దొరికింది. ఎలుగుకు కూన దొరికింది. ఒంటెకు పిల్ల దొరికింది. తక్కిన జంతువులన్నీ, అడవివి అడవికి, పచ్చికవి పచ్చికకు, ఎవరి నేల వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాయి. గాలి ఉత్తరం నుంచి తిరిగింది కాబట్టి బాతులు దక్షిణానికే మెడలు చాచాయి. శైవలిని కూడా కుముదుడితోపాటు తిమింగలం వీపెక్కి బయల్దేరింది. "మా పిల్లలు ఎలాంటి ఇంటికి వెళ్తున్నారో చూసి, మా అమ్మకు చెప్పాలి" అంది.

కార్తీక పౌర్ణమినాడు మధ్యాహ్నం మేడ మీద మంచంలో ఉన్న ఇందుమతీదేవి లేచి కూర్చుంది. దాసీలకు ఏమీ వినబడలేదు. ఆవిడకు వినబడింది. ఎవరూ పట్టుకోకుండానే మెట్లు దిగి, పసుపు గిన్నె తీసుకుని సరస్సు ఒడ్డుకు నడిచింది. వెళ్ళేసరికి నీళ్ళ మీద జాగా లేదు. అన్నీ బాతులే. అలా నీళ్ళలోనే కూలబడి, ఒక్కొక్కదాన్నీ తడుముతూ, "ఎంత చిక్కిపోయారే, ఎంత చిక్కిపోయారే" అని ఏడ్చింది.

కుముదుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "అమ్మా, ఆ ఏడు బియ్యం దాచింది నేనే."

రాణిగారు లేచి, ఒడ్డుకు చేరిన కొలువంతా చూస్తుండగా వాడి చెవి పట్టుకుని మెలేసింది. రాకుమారుడనీ చూడలేదు, పక్కన పరాయి రాజు కూతురుందనీ చూడలేదు. "ఏటా ఆ బుట్ట ఎత్తడానికి నాకు చేతులు వస్తాయనుకున్నావట్రా? పంపాలనిపించే పంపుతున్నాననుకున్నావా?" అంటూనే వాడిని గుండెకు హత్తుకుని భోరుమంది. శైవలిని అంతా చూసింది. ఇల్లు మంచిదే అని అప్పుడే తేల్చుకుంది.

మార్గశిరం రాగానే కుముదుడికీ శైవలినికీ పెళ్ళి జరిగింది. అన్నలిద్దరూ ఆనందంగా దగ్గరుండి చేశారు. పెద్దాయన పందిరి కాపలా కాశాడు, రెండో ఆయన వచ్చినవాళ్ళతో మాట్లాడుతూనే ఉన్నాడు. రాజు ఇచ్చిన మాట ప్రకారం రాజ్యం కుముదుడికి కట్టబెట్టాడు.

ఫాల్గుణం వచ్చింది. గాలి తిరిగింది. బాతులు ఉత్తరానికి మెడలు చాచాయి. శైవలిని కూడా ఆ వైపే చూస్తోందని కుముదుడు గమనించాడు. అక్కడ ఒక తల్లి రెండేళ్ళుగా కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పైగా శైవలిని ఇప్పుడు వట్టి మనిషి కాదు, తొలి కానుపు పుట్టింట్లోనే జరగాలి. కోడలికి అత్తగారు ఒడిబియ్యం పెట్టడం మీరెక్కడైనా విన్నారా? సారసపురంలో పెట్టారు. రాణిగారు కోడలి ఒడి నింపి, బాతుల బుట్ట కొడుకు చేతికిచ్చింది. "ఈ ఏడు నువ్వు చల్లు" అంది.

కుముదుడు మొదటి పిడికెడు తీసి, మళ్ళీ బుట్టలోనే పోసేశాడు. మళ్ళీ తీసి చల్లాడు. ముసలి బాతు అందరికంటే ఆఖర్న వచ్చింది. వాడి కాళ్ళ దగ్గర పడిన గింజలు తిని, తలెత్తి ఒకసారి వాడి ముఖం చూసి ఎగిరింది. తీసుకెళ్ళడానికి వచ్చిన ఆ ముసలి ఒంటె మీద శైవలిని ఇసుక దేశం వైపు కదిలింది. కనుచూపు మేర దాటేదాకా కుముదుడు అక్కడే నిలబడ్డాడు. తర్వాత మేడ ఎక్కి ఉత్తరం కిటికీ దగ్గర, అమ్మ పక్కన కూర్చున్నాడు.

"వాళ్ళు ఎక్కడిదాకా వెళ్ళి ఉంటారంటావమ్మా?" అన్నాడు.

మరుసటి కార్తీకంలో బాతులు దిగిన మూడో రోజున శైవలిని వచ్చింది. ఒళ్ళో పాప ఉంది, ఆడపిల్ల. అమ్మమ్మ ఊళ్ళో మంచు చూసింది, నానమ్మ ఊళ్ళో ఎండ చూసింది. ఇందుమతీదేవి ఆ పిల్లను కిందికి దించితే ఒట్టు.

అప్పటినుంచి ఏటా అంతే. ఫాల్గుణంలో వెళ్ళడం, కార్తీకంలో రావడం. ఆ రాజ్యంలో వానలు కురిశాయి, పంటలు పండాయి, సరస్సులో వల పడలేదు. కుముదుడూ శైవలినీ అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. అందులో నలభై ఏళ్ళు ఒకరి కోసం ఒకరు ఎదురుచూశారు.